లెప్టిన్ రుమటాయిడ్ ఆర్థరైటిస్‌ని ఎగదోస్తుందా? టీ కణాల ప్రయోగానికి ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

కీలుపొర (ప్రశ్న)

ఏ సమీక్షా వ్యాసం తెరిచినా ఒకటే వరస. కొవ్వు కణాల నుంచి లెప్టిన్ అనే హార్మోన్ వస్తుంది, అది మంట పెంచే టీహెచ్1, టీహెచ్17 అనే టీ కణాలను (రోగనిరోధక తెల్లకణాల్లో ఒక రకం) రెచ్చగొడుతుంది, మంటను అదుపులో పెట్టే ట్రెగ్ కణాలను అణిచిపెడుతుంది, అందుకే రుమటాయిడ్ ఆర్థరైటిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత కీళ్ల మీదే దాడి చేసే జబ్బు, ఇక నుంచి ఆర్‌ఏ అంటాను) ముదురుతుంది. వినడానికి బాగానే ఉంది, మూల పరిశోధనల్లోకి దిగితే మాత్రం లెక్క కుదరడం లేదు.

లెప్టిన్ లేని ఓబీ/ఓబీ ఎలుకల్లో యాంటిజెన్‌తో (రోగనిరోధక కణాలు గుర్తుపట్టే పదార్థంతో) తెప్పించిన ఆర్థరైటిస్ తేలిగ్గా పోతుంది. అవే ఎలుకల్లో జైమోసాన్ అనే పదార్థంతో తెప్పిస్తే వాపు తగ్గడానికి మామూలు ఎలుకల కన్నా ఎక్కువ రోజులు పడుతుంది. రోగుల రక్తంలో లెప్టిన్ ఎక్కువని చాలా పరిశోధనలు, తేడా ఏమీ లేదని కొన్ని. ఇవి చాలవన్నట్టు, లావుగా ఉన్న ఆర్‌ఏ రోగుల ఎక్స్‌రేల్లో ఎముక కోత తక్కువగా కనిపిస్తుందన్న మెలిక ఒకటి.

నాకు తేలాల్సినవి మూడు. లెప్టిన్ టీ కణం మీద నేరుగా పనిచేస్తుందా, చుట్టుపక్కల కణాల ద్వారా పనిచేస్తుందా? రోగుల సీడీ4 కణాలకు (పైన సీడీ4 గుర్తు ఉన్న టీ కణాలకు) లెప్టిన్ కలిపి చూడాలంటే మోతాదు ఎంత, కంట్రోళ్లు ఏవి? రక్తంలో లెప్టిన్ కొలిస్తే వైద్యానికి పనికొచ్చేది ఏమైనా తేలుతుందా?

ఎముకగూడు

కీలుపొర గారూ, లెప్టిన్‌ని వేస్తే వెలిగే, తీస్తే ఆరే స్విచ్‌లా చూసినంతకాలం ఈ చిక్కుముడి విడదు. 1994లో రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం దీని జన్యువును పట్టుకున్నప్పుడు అందరి దృష్టీ ఆకలి మీదే ఉంది. ఒంట్లో కొవ్వు నిల్వ ఎంతుందో మెదడుకు చేరేసే కబురుగా దాన్ని చూశారు. అణువు ఆకారం చూస్తే మాత్రం అది సైటోకైన్ల (రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్ల) ఇంటి బిడ్డ. 16 కిలోడాల్టన్ల ప్రోటీన్, నాలుగు హెలిక్సుల కట్ట. దాని రిసెప్టర్ (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్) కూడా ఐఎల్-6 అనే మంట సైటోకైన్ కుటుంబం వాడుకునే జీపీ130కి దగ్గరి చుట్టం. పొడవాటి రకం రిసెప్టర్‌కి లెప్టిన్ అంటుకోగానే జాక్2 ఎంజైమ్ చురుకవుతుంది, రిసెప్టర్‌లోని టైరోసిన్ 1138 మీద ఫాస్ఫేట్ చేరుతుంది, జన్యువులను నడిపే స్టాట్3 ప్రోటీన్ కదులుతుంది. ఆ స్టాట్3యే సాక్స్3 అనే ప్రోటీన్‌ని పుట్టిస్తుంది, సాక్స్3 వచ్చి టైరోసిన్ 985 దగ్గర కూర్చుని సిగ్నల్‌కి కళ్లెం వేస్తుంది. ఈ కళ్లెం సంగతి తర్వాత మీ ప్రయోగంలో మళ్లీ ఎదురవుతుంది.

టీ కణం విషయానికొస్తే, నిద్రలో ఉన్న కణం మీద రిసెప్టర్ చాలా తక్కువ. కణం ఉత్తేజితమయ్యాక పెరుగుతుంది. అంటే లెప్టిన్ ఒంటరిగా టీ కణాన్ని లేపలేదు. యాంటిజెన్ లేపిన కణానికి "నిల్వలున్నాయి, ఖర్చు పెట్టుకో" అని అనుమతి ఇస్తుంది. కణం పెరుగుదలను నడిపే ఎంటార్ దారి చురుకవుతుంది, గ్లూకోజ్‌ని మోసే గ్లూట్1 ప్రోటీన్ కణం ఉపరితలానికి వస్తుంది, గ్లూకోజ్ లోపలికి పోతుంది, విభజన సాగుతుంది. 1998లో గ్రాహం లార్డ్ తదితరులు నేచర్‌లో చూపించింది ఇదే: తిండి లేని ఎలుకల్లో కుంటుపడిన టీ కణాల స్పందన లెప్టిన్ ఇవ్వగానే తిరిగొచ్చింది. పుట్టుకతో లెప్టిన్ లేని పిల్లల్లో సీడీ4 కణాలు తక్కువగా ఉండి, లెప్టిన్ చికిత్స మొదలుపెట్టాక కోలుకోవడం కూడా ఈ కోవలోదే.

ఆ అనుమతి అన్ని కణాలకూ ఒకేలా పనిచేయదు. నైవ్ టీ కణాల్లో (ఇంకా యాంటిజెన్‌ని చూడనివి) విభజన పెంచుతుంది. మెమరీ కణాల్లో (ఇంతకు ముందే చూసినవి) విభజన కన్నా ఇంటర్‌ఫెరాన్-గామా అనే మంట సైటోకైన్ ఎక్కువవుతుంది. ట్రెగ్‌ల సంగతి మరీ తమాషా. అవి లెప్టిన్‌ని తామే తయారు చేసుకుంటాయి, దాని రిసెప్టర్ కూడా వాటి మీద దండిగా ఉంటుంది. ఆ సొంత లెప్టిన్ వల్లే ఎంటార్ ఎప్పుడూ వేడిగా ఉండి, విభజనకు బ్రేకు పడి ఉంటుంది. 2007లో ఇమ్యూనిటీ పత్రికలో వచ్చిన పని చూడండి: యాంటీ-లెప్టిన్ యాంటీబాడీ వేసి, కణం పైనున్న సీడీ3, సీడీ28 ప్రోటీన్ల ద్వారా ఉత్తేజితం చేస్తే, గాజుపాత్రలో కదలని ట్రెగ్‌లు విభజన మొదలుపెట్టాయి. కాబట్టి "ట్రెగ్‌లను అణిచేస్తుంది" అనేకన్నా "ట్రెగ్‌లు పెరగకుండా పట్టి ఉంచుతుంది" అంటే నిజానికి దగ్గర.

మిగతావి క్లుప్తంగా: లెప్టిన్ తగిలితే మోనోసైట్లు, మ్యాక్రోఫేజ్‌లు (సూక్ష్మజీవులను మింగే తెల్లకణాలు) మంట పుట్టించే టీఎన్ఎఫ్, ఐఎల్-6 ఎక్కువగా విడుదల చేస్తాయి. న్యూట్రోఫిల్ (ఇంకో రకం తెల్లకణం) మీద ఉండేది ప్రధానంగా పొట్టి రిసెప్టర్, అందుకే అక్కడి ప్రభావంలో మంచి వాటా మోనోసైట్ల టీఎన్ఎఫ్ ద్వారా వచ్చేదే. కీలు లోపలి పొరలోని ఫైబ్రోబ్లాస్టులు లెప్టిన్‌కి ఐఎల్-6, ఐఎల్-8 ఇస్తాయి. ఐఎల్-8 న్యూట్రోఫిల్‌ని కీలులోకి పిలుస్తుంది. ఫైబ్రోబ్లాస్టు రోగనిరోధక కణం కాదని దాన్ని వదిలేసే బొమ్మలు చాలా ఉన్నాయి, అది పొరపాటు.

ఇక ఎలుకల వైరుధ్యం. యాంటిజెన్‌తో తెప్పించే ఆర్థరైటిస్‌కి టీ కణం కావాలి: ముందు టీకాలా యాంటిజెన్ ఇచ్చి, తర్వాత అదే యాంటిజెన్‌ని కీలులోకి ఎక్కిస్తారు. టీ కణం బలహీనపడితే జబ్బూ తగ్గుతుంది. జైమోసాన్ అనేది ఈస్ట్ కణాల గోడ. అది టీఎల్ఆర్2, డెక్టిన్-1 అనే రిసెప్టర్ల ద్వారా మ్యాక్రోఫేజ్‌ని నేరుగా రేపుతుంది, టీ కణంతో పని లేదు. అక్కడ చూడాల్సింది మంట ఎలా రగిలిందో కాదు, ఎలా ఆరిందో. లెప్టిన్ లేకపోతే ఆ ఆర్పే పని నెమ్మదిస్తుంది. రెండు మోడళ్లూ రెండు వేరువేరు ప్రశ్నలు అడుగుతున్నాయి, జవాబులు వేరుగా రావడంలో వింతేముంది?

ఒక హెచ్చరిక. ఓబీ/ఓబీ ఎలుక అంటే లెప్టిన్ ఒక్కటే లోపించిన మామూలు ఎలుక అనుకోకండి. దానికి విపరీతమైన కొవ్వు, ఎక్కువ చక్కెర, ఎక్కువ కార్టికోస్టెరాన్ (ఒత్తిడి హార్మోన్), కుంచించుకుపోయిన థైమస్ (టీ కణాలు పెరిగే అవయవం). కార్టికోస్టెరాన్ ఒక్కటే టీ కణాలను అణచగలదు. రిసెప్టర్ లేని డీబీ/డీబీ ఎలుక ఎముక మజ్జను మామూలు ఎలుకలోకి మార్చి చూసినప్పుడు, లింఫోసైట్లలో కనిపించిన లోపాల్లో చాలా భాగం ఒంటి వాతావరణం వల్లనే అని తేలింది. టీ కణాల్లో మాత్రమే రిసెప్టర్ తీసేసిన ఎలుకల్లో మిగిలిన స్పష్టమైన లోటు టీహెచ్17 వైపు, స్టాట్3 ద్వారా. మీ మొదటి ప్రశ్నకు నా జవాబు అదే: నేరు ప్రభావం ఉంది, కానీ సమీక్షల్లో చెప్పేంత వెడల్పు కాదు. అది టీహెచ్17, ట్రెగ్ తూకం దగ్గర బలంగా ఉంటుంది, మిగతాది చాలావరకు చుట్టుతిరుగుడు వ్యవహారం.

పిపెట్ పంతులు

సిద్ధాంతం ఎముకగూడు గారు చెప్పేశారు, నేను బల్ల మీది సంగతులు చెబుతాను. లెప్టిన్ ప్రయోగాలు పొంతన కుదరకపోవడానికి సగం కారణం జీవశాస్త్రం కాదు, సీసాలో ఉన్న సరుకు.

మోతాదు: సన్నటి వ్యక్తి రక్తంలో లెప్టిన్ మిల్లీలీటరుకు సుమారు 5 నుంచి 10 నానోగ్రాములు. ఊబకాయంలో అది ఎన్నో రెట్లు పెరిగి 40, 50 దాటిపోవచ్చు. కాబట్టి 0, 10, 50, 100, 250 నానోగ్రాముల మెట్లు పెట్టండి. కొన్ని పేపర్లలో 1 మైక్రోగ్రాము, ఆపైన కూడా వేశారు. అది ఏ మనిషి రక్తంలోనూ సులువుగా దొరకని సాంద్రత. 250 దగ్గర ఏమీ రాక 1000 దగ్గరే ఫలితం వచ్చిందంటే మొదట అనుమానించాల్సింది కలుషితాన్ని.

ఆ కలుషితం పేరు ఎల్‌పీఎస్, అంటే బ్యాక్టీరియా గోడలోని ఎండోటాక్సిన్. రీకాంబినెంట్ (జన్యువు ఎక్కించి చేయించిన) లెప్టిన్ ఎక్కువగా ఈ.కోలై బ్యాక్టీరియాలో తయారవుతుంది. మోనోసైట్‌కి పికోగ్రాముల ఎల్‌పీఎస్ చాలు, టీఎన్ఎఫ్ కక్కేస్తుంది. మీరేమో లెప్టిన్ ప్రభావమని రాసుకుంటారు. డబ్బా మీద "ఎండోటాక్సిన్ తక్కువ" అని ఉంటే సరిపోదు. మైక్రోగ్రాముకు ఎన్ని యూనిట్లో చూసి, మీ చివరి మోతాదులో ఎంత పడుతుందో గుణించుకోండి. దీనికి రెండు కంట్రోళ్లు. ఒకటి, పాలిమిక్సిన్-బి కలిపిన బావి (ప్లేటులోని చిన్న గుంట). ఇది ఎల్‌పీఎస్‌ని పట్టేస్తుంది, ప్రభావం మాయమైతే అది లెప్టిన్‌ది కాదు. రెండోది, అదే లెప్టిన్‌ని 95 నుంచి 100 డిగ్రీల్లో అరగంట మరిగించి వేసిన బావి. ప్రోటీన్ చెడిపోతుంది, ఎల్‌పీఎస్ వేడికి లొంగదు. మరిగించినా ప్రభావం అలాగే ఉంటే సీసా పారేయండి. రెండూ పెట్టాలి. పాలిమిక్సిన్ బ్యాక్టీరియా లైపోప్రోటీన్లను ఆపదు, అందుకే అదొక్కటే పెట్టి చేతులు దులుపుకోవద్దు.

కణాలు: రక్తాన్ని ఫైకాల్ (కణాలను సాంద్రతను బట్టి వేరుచేసే ద్రవం) మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో 400 జీ, 30 నిమిషాలు, గది ఉష్ణోగ్రత, బ్రేకు లేకుండా. తర్వాత నైవ్ సీడీ4 కణాలను అయస్కాంత పూసలతో నెగటివ్ పద్ధతిలో వేరు చేయండి, అంటే అక్కర్లేని వాటికి పూసలు తగిలించి తీసేయాలి. సీడీ4కే పూస తగిలిస్తే కణం అక్కడే సగం ఉత్తేజితం కావచ్చు. మిగిలిన మోనోసైట్ల శాతం వాటి గుర్తు సీడీ14తో కొలిచి రాసి పెట్టండి. 3, 4 శాతం మోనోసైట్లు మిగిలినా "టీ కణం మీద నేరు ప్రభావం" అన్న మాటకు విలువ ఉండదు.

96 బావుల ప్లేటులో బావికి లక్ష నుంచి రెండు లక్షల కణాలు. టీ కణాన్ని లేపే యాంటీ-సీడీ3 యాంటీబాడీ మోతాదు అసలు కీలకం. దాన్ని గరిష్ఠంగా పెడితే కణం అప్పటికే పూర్తి వేగంతో పరుగెడుతూ ఉంటుంది, లెప్టిన్ చేర్చేదేమీ కనబడదు. ముందు టైట్రేషన్ చేసి (మోతాదు మెట్లుగా మార్చి చూసి), గరిష్ఠ విభజనలో మూడో వంతు ఇచ్చే మోతాదు ఎంచుకోండి. "లెప్టిన్ ప్రభావం లేదు" అన్న ఫలితాలు వచ్చేది తరచూ ఇక్కడే. విభజనకు 72 నుంచి 96 గంటలు.

మాధ్యమం: పశువుల సీరంలో లెప్టిన్ ఉంటుంది, ట్రెగ్ కణాలు సొంతంగా కూడా చేసుకుంటాయి. కాబట్టి "సున్నా లెప్టిన్" బావి నిజంగా సున్నా కాదు. సీరం లేని మాధ్యమం వాడండి, అదనంగా యాంటీ-లెప్టిన్ యాంటీబాడీ వేసిన బావి, దాని పక్కనే ఐసోటైప్ కంట్రోల్ (అదే రకం, కానీ లెప్టిన్‌ని పట్టుకోని యాంటీబాడీ). యాంటీబాడీలో సోడియం అజైడ్ ఉండకూడదు. ఉంటే కణాలు చచ్చి, అది లెప్టిన్‌ని ఆపిన ఫలితంలా కనబడుతుంది.

స్టాట్3 ఫాస్ఫేట్ చూడాలంటే 2 నుంచి 4 గంటలు సీరం లేకుండా ఉంచి, లెప్టిన్ ఇచ్చి 5, 15, 30, 60 నిమిషాల దగ్గర ఆపండి. పారాఫార్మాల్డిహైడ్‌తో బిగించి, చల్లటి 90 శాతం మెథనాల్‌తో రంధ్రాలు చేయాలి. డిటర్జెంట్‌తో చేసే మామూలు పద్ధతిలో ఫాస్ఫో-స్టాట్3 సరిగా అందదు. పాజిటివ్ కంట్రోల్‌గా ఐఎల్-6. ఒక్క 60 నిమిషాల బిందువే తీసుకుంటే అప్పటికి సాక్స్3 దిగిపోయి సిగ్నల్ చల్లబడి ఉండవచ్చు. పైన చెప్పిన కళ్లెం ఇదే. విశ్రాంతిలో ఉన్న కణాల్లో సిగ్నల్ రాలేదని గాభరా పడొద్దు, రిసెప్టరే లేదు కదా. 24 గంటలు ఉత్తేజితం చేసి, కడిగి, విశ్రాంతి ఇచ్చి అప్పుడు చూడండి.

టీహెచ్17 కణాలు చేసే ఐఎల్-17 చూడడానికి, కణాన్ని గట్టిగా లేపే పీఎంఏ, అయనోమైసిన్ 4 నుంచి 5 గంటలు, ఐఎల్-17ని కణంలోనే ఆపే బ్రెఫెల్డిన్‌తో. పీఎంఏ వల్ల సీడీ4 ఉపరితలం నుంచి లోపలికి పోతుంది. అందుకే సీడీ3 ఉండి సీడీ8 లేని కణాల మీద గేటు వేయండి, అంటే లెక్కకు వాటినే ఎంచుకోండి. లేకపోతే టీహెచ్17 కణాలు తగ్గిపోయినట్టు కనబడి లేనిపోని సిద్ధాంతాలు పుట్టుకొస్తాయి.

కీలుపొర

పంతులు గారూ, రోగుల మందుల సంగతి? స్టెరాయిడ్, మెథోట్రెక్సేట్ (ఆర్‌ఏకి మామూలుగా ఇచ్చే మందు), బయోలాజిక్‌లు (యాంటీబాడీల తరహా మందులు) వాడేవాళ్లను కలిపేస్తే ఏమవుతుంది? ఇంకొకటి, సీరం లెప్టిన్‌కి, కీలు నీరులోని లెప్టిన్‌కి ఒకే ఎలైజా (యాంటీబాడీలతో ప్రోటీన్‌ని కొలిచే పరీక్ష) వాడొచ్చా?

పిపెట్ పంతులు

కలపకండి. స్టెరాయిడ్ రెండు వైపులా లాగుతుంది: కొవ్వు కణం నుంచి లెప్టిన్‌ని పెంచుతుంది, టీ కణాన్ని అణచుతుంది. అప్పుడు లెప్టిన్ ఎక్కువ, స్పందన తక్కువ అని తలకిందుల సంబంధం వస్తుంది. జాక్ నిరోధకాలు వాడేవాళ్లను పూర్తిగా తీసేయండి, ముఖ్యంగా బారిసిటినిబ్. అది జాక్1తో పాటు జాక్2ని కూడా పట్టుకుంటుంది, లెప్టిన్ దారి జాక్2 మీదే. టోసిలిజుమాబ్ రోగుల కణాల్లో ఐఎల్-6 రిసెప్టర్ మూసుకుని ఉంటుంది కాబట్టి మీ పాజిటివ్ కంట్రోలే పనిచేయకపోవచ్చు. వీలైతే ఇంకా మందు మొదలుపెట్టని కొత్త రోగులు, లేదా స్థిరమైన మోతాదులో మెథోట్రెక్సేట్ ఒక్కటే వాడేవాళ్లు.

ఎలైజా విషయంలో ఆర్‌ఏకే ప్రత్యేకమైన గొయ్యి ఒకటుంది. అందరూ అందులో పడతారు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ అంటే యాంటీబాడీల ఎఫ్‌సీ తోకను పట్టుకునే యాంటీబాడీ. శాండ్‌విచ్ ఎలైజాలో అడుగున ఒక యాంటీబాడీ, పైన ఒకటి. మధ్యలో లెప్టిన్ లేకపోయినా రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఆ రెండింటినీ కలిపి వంతెన కట్టేస్తుంది, రంగు వస్తుంది, మీరు లెప్టిన్ ఎక్కువ అంటారు. ఆరోగ్యవంతుల నమూనాల్లో ఈ బెడద దాదాపు ఉండదు కాబట్టి రెండు గుంపుల మధ్య లేని తేడా పుట్టుకొస్తుంది. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఎక్కువగా ఉన్న ఒక నాలుగు నమూనాలు తీసుకుని 5, 10, 20, 40 రెట్లు పలచన చేసి చూడండి. పలచనతో గుణించినప్పుడు ఒకే అంకె రావాలి. పలచన పెరిగేకొద్దీ లెక్కించిన విలువ పడిపోతూ ఉంటే అది వంతెనే. హెటెరోఫిలిక్ (ఇలా పరీక్షలోని యాంటీబాడీలకు అతుక్కునే) యాంటీబాడీలను ఆపే బ్లాకర్ కలిపి మళ్లీ నడపండి.

కీలు నీరు జిగురు. హైలురోనిడేజ్‌తో పలచబరిచి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైనున్నది వాడాలి. జిగురుగానే పెడితే పిపెట్‌లోకి సరైన పరిమాణం రాదు, ఒకే నమూనా రెండు బావుల్లో రెండు అంకెలు ఇస్తుంది. ఎంజైమ్ కలిపినందుకు అయిన పలచనను లెక్కలో వేయడం మరిచిపోవద్దు. స్టాండర్డ్ కర్వ్‌ని కూడా అదే ఎంజైమ్ కలిపిన బఫర్‌లో చేయండి.

నమూనా ఎప్పుడు తీశారన్నది కూడా ముఖ్యమే. లెప్టిన్ అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము మధ్య గరిష్ఠం, పగటి పూట కనిష్ఠం. రాత్రి తిన్నాక ఏమీ తినకుండా, ఉదయం 8, 9 గంటల మధ్య, అందరికీ ఒకే వేళ. ఒకసారి కరిగించిన సీరంని మళ్లీ గడ్డకట్టించకుండా ముందే చిన్న చిన్న వాటాలు చేసి మైనస్ 80లో దాచండి.

కీళ్ల కబురు

మూడో ప్రశ్న నా వంతు. ఇవాళ్టి వైద్యంలో ఆర్‌ఏ రోగికి రక్తంలో లెప్టిన్ కొలవడం వల్ల మందు మార్చే నిర్ణయం ఒక్కటీ రాదు. పరిశోధనకు సరే, మందుల చీటీకి కాదు.

ఆ అంకె అన్నిటికన్నా ముందు చెప్పేది ఒంట్లో కొవ్వు ఎంతుందో. తర్వాత ఆడా మగా అన్నది: ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఆర్‌ఏ రోగుల్లో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి, లింగం సరిగా జత చేయని పరిశోధనలో లెప్టిన్ దానంతట అదే ఎక్కువ కనిపిస్తుంది. బీఎంఐతో సరిచేశామంటే కూడా పూర్తి కాదు. ఆర్‌ఏలో కండ కరిగి కొవ్వు మిగులుతుంది, బరువు మారదు. అంటే ఒకే బీఎంఐ దగ్గర ఆర్‌ఏ రోగికి కొవ్వు ఎక్కువ. అందుకే ఆర్‌ఏలో అధిక బరువుకు 25 బదులు 23, ఊబకాయానికి 30 బదులు 28 గీతగా పెట్టాలన్న ప్రతిపాదన ఉంది. డెక్సా స్కాన్‌తో కొవ్వు కిలోల్లో కొలిచి, లెప్టిన్‌ని లాగరిథమ్‌లోకి మార్చి, అప్పుడు పోల్చాలి. ఇలా చేస్తే చాలా "తేడాలు" కరిగిపోతాయి.

ఇంకో మెలిక జబ్బు తీవ్రత కొలతలో ఉంది. ఊబకాయం వల్లే, ముఖ్యంగా ఆడవాళ్లలో, రక్తంలో మంటను చూపే ఈఎస్ఆర్, సీఆర్‌పీ కాస్త ఎక్కువగా ఉంటాయి, ఆర్‌ఏ లేకపోయినా సరే. 28 కీళ్లు చూసి వేసే తీవ్రత స్కోరు డీఏఎస్28లో ఈఎస్ఆర్ వాటా 0.70 గుణించు దాని సహజ లాగరిథమ్. ఈఎస్ఆర్ 15 నుంచి 30 అయితే, కీళ్లలో ఏ మార్పూ లేకపోయినా స్కోరు 0.49 పెరుగుతుంది. ఉపశమనం గీత 2.6 అనుకుంటే, 2.3 దగ్గర ఉండాల్సిన మనిషి 2.8 దగ్గర కనిపిస్తాడు. సీఆర్‌పీతో లెక్కిస్తే 3 నుంచి 9 మిల్లీగ్రాములకు పెరిగినప్పుడు సుమారు 0.33. ఇక లెప్టిన్‌కి, డీఏఎస్28కి సంబంధం ఉందని ఎవరైనా గ్రాఫు చూపిస్తే, కొవ్వు రెండిటినీ విడివిడిగా పెంచుతోందేమోనని ముందు అడగాలి. ఈఎస్ఆర్, సీఆర్‌పీ లేని సీడీఏఐ అనే తీవ్రత స్కోరుతో మళ్లీ లెక్కించమనండి. కొవ్వు పట్టిన కీలులో వాపు చేతికి సరిగా తెలియదు, లేని వాపు ఉన్నట్టూ అనిపిస్తుంది. పవర్ డాప్లర్ అల్ట్రాసౌండ్ ఉంటే అదే గట్టి సాక్ష్యం.

మందుల వైపు: లావుగా ఉన్నవాళ్లలో టీఎన్ఎఫ్ నిరోధకాలకు స్పందన తక్కువన్నది చాలా పరిశోధనల్లో వచ్చింది. మోతాదు చాలకనా అంటే, అడాలిముమాబ్‌కి ఆ వాదన కొంత అతుకుతుంది, అది అందరికీ రెండు వారాలకోసారి 40 మిల్లీగ్రాములే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ కిలోకు 3 మిల్లీగ్రాముల లెక్కన ఇస్తారు, దానిలోనూ అదే ధోరణి. కాబట్టి మోతాదు ఒక్కటే కారణం కాదు. టీఎన్ఎఫ్‌ని కాకుండా వేరే దారుల్ని ఆపే అబాటసెప్ట్, టోసిలిజుమాబ్ మీద బరువు ప్రభావం తక్కువగా కనిపిస్తుంది. టోసిలిజుమాబ్ సీఆర్‌పీని నేరుగా అణిచేస్తుంది కాబట్టి అక్కడ డీఏఎస్28 మెరుగుదలను అలాగే నమ్మకూడదు, అది వేరే సంగతి.

బరువు తగ్గితే? ఒంటి బరువులో 10 శాతం తగ్గితే లెప్టిన్ దాదాపు సగానికి పడుతుంది. ఉపవాసంలో ఇంకా వేగం: కొవ్వు పెద్దగా కరగకముందే, రెండు మూడు రోజుల్లో లెప్టిన్ సగానికి పైగా పడిపోతుంది. ఉపవాసంలో కీళ్లు తేలికపడి, తిండి మొదలయ్యాక నొప్పులు తిరిగి రావడానికి ఇదొక కారణం కావచ్చు. అయితే ఉపవాసంలో కార్టిసాల్ కూడా పెరుగుతుంది, కీటోన్లు పెరుగుతాయి. ఆ ఉపశమనం మొత్తం లెప్టిన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. స్టెరాయిడ్, షుగరు మందులు వాడేవాళ్లు దీన్ని చికిత్సగా ప్రయత్నించడం ప్రమాదం కూడా.

లెప్టిన్‌ని ఆపే మందు ఆర్‌ఏకి ఆమోదం పొందింది ఏదీ లేదు. రాకపోవడానికి సూటి కారణం ఉంది: రక్తంలో లెప్టిన్‌ని తుడిచేస్తే మెదడు దాన్ని కరువుగా చదువుకుంటుంది. ఆకలి రేగుతుంది, బరువు పెరుగుతుంది, అంటువ్యాధుల ముప్పు పెరుగుతుంది. వ్యతిరేక దిశలో లెప్టిన్‌లా పనిచేసే మందు మెట్రెలెప్టిన్ ఉంది, లైపోడిస్ట్రోఫీకి (ఒంట్లో కొవ్వు లేకుండా పోయే జబ్బుకు) 2014లో అమెరికాలో ఆమోదించారు. దాని హెచ్చరికల్లో టీ కణ లింఫోమా ఉంది, ఆటోఇమ్యూన్ జబ్బులున్నవాళ్లలో జాగ్రత్త అని కూడా ఉంది. కారణం పూర్తిగా తేలకపోయినా ఆ రెండో హెచ్చరిక ఈ చర్చకు దగ్గరిదే.

కొవ్వుదిండు

అందరూ రక్తం చుట్టూనే తిరుగుతున్నారు. మోకాటిచిప్ప కింద ఉండే హొఫా కొవ్వుదిండు కీలుపొరకు ఆనుకునే ఉంటుంది, లెప్టిన్, ఐఎల్-6 అక్కడికక్కడే విడుదల చేస్తుంది. పొరలోని కణం చూసేది ఆ లెప్టిన్‌ని. సీరం అంకెతో దానికి పొంతన ఉండాలని నియమం లేదు.

ఎక్స్‌రే మెలికకు లెప్టిన్ కన్నా అడిపోనెక్టిన్ మంచి అనుమానితుడు. అది కూడా కొవ్వు హార్మోనే, కానీ కొవ్వు పెరిగితే తగ్గుతుంది. గుండెకు, చక్కెరకు మంచిదని పేరు. కీలుపొర ఫైబ్రోబ్లాస్టుల దగ్గర మాత్రం ఐఎల్-6నీ, మృదులాస్థిని తినే ఎంఎంపీ-1నీ పెంచుతుంది. రక్తంలో అడిపోనెక్టిన్ ఎక్కువున్న ఆర్‌ఏ రోగుల్లో ఎక్స్‌రే నష్టం ఎక్కువని పరిశోధనలున్నాయి. లావుగా ఉన్నవాళ్లలో అది తక్కువ, కోతా తక్కువ. ఇది సంబంధమే, కారణమని రుజువు కాలేదు. ప్రయోగం చేస్తే ఒక్క మాట: అడిపోనెక్టిన్ మూడేసిగా, ఆరేసిగా, ఇంకా పెద్ద గుంపులుగా తిరుగుతుంది, ఒక్కో గుంపు పని ఒక్కో రకం. ఈ.కోలైలో చేసినదానికి పెద్ద గుంపులు సరిగా కట్టవు. క్షీరద కణాల్లో తయారైనదే కొనాలి.

ఎముకగూడు

కొవ్వుదిండు గారి మాటతో ఏకీభవిస్తాను, ఒక్క చేర్పుతో. కీలు నీటిలో లెప్టిన్ ప్లాస్మా కన్నా తక్కువగా ఉందనీ, ఆ తేడా ఎముక కోత లేని రోగుల్లో ఎక్కువనీ ఒక పరిశోధనలో వచ్చింది. కీలులోపల లెప్టిన్ ఖర్చైపోతోందని, ఆ ఖర్చు కోత నుంచి కాపాడుతోందేమోనని దాన్ని రాసినవాళ్ల ఊహ. రక్తం, కీలు నీరు ఒకే రోజు, ఒకే మనిషి నుంచి తీస్తే తప్ప ఈ సంగతి తేలదు.

కీలుపొర

అర్థమైంది. ప్రణాళిక ఇలా మారుస్తున్నాను: మందు మొదలుపెట్టని రోగులు, వయసు, లింగం, డెక్సా కొవ్వు జతకలిపిన ఆరోగ్యవంతులు. ప్రతి మనిషి కణాల్లోనూ లెప్టిన్ ఉన్న బావి, లేని బావి, మరిగించిన లెప్టిన్, పాలిమిక్సిన్, యాంటీ-లెప్టిన్, ఐసోటైప్. మనిషికి మనిషికి మధ్య కాకుండా, ఒకే మనిషి బావుల మధ్య తేడా లెక్కిస్తాను. చూసేవి రెండే: టీహెచ్17 శాతం, ట్రెగ్ విభజన. ఇందులో రంధ్రం ఎక్కడైనా ఉందా?

పిపెట్ పంతులు

ఒకటుంది. ట్రెగ్‌లను సీడీ25 ఎక్కువ, సీడీ127 తక్కువ అన్న గుర్తుతో వేరు చేస్తారు కదా. ఆర్‌ఏలో ఉత్తేజితమైన మామూలు టీ కణాల మీద కూడా సీడీ25 ఉంటుంది. గేటు కాస్త వదులైతే అవి దూరిపోయి దండిగా విభజిస్తాయి, యాంటీ-లెప్టిన్ ట్రెగ్‌లను పెంచిందని మీరు సంబరపడతారు. సీడీ25 అత్యధికంగా ఉన్న పైన 2 శాతం సీడీ4 కణాలనే తీసుకోండి. వేరు చేసిన వెంటనే ట్రెగ్‌ల గుర్తు ఫాక్స్‌పీ3కి రంగు వేసి 90 శాతం పైన ఉందని చూసుకోండి. నాలుగు రోజుల తర్వాత వేస్తే లాభం లేదు. ఉత్తేజితమైన మానవ టీ కణం ఏదైనా ఫాక్స్‌పీ3ని కొంతసేపు చూపిస్తుంది.